ద్వారములు పోయిన పట్టణము

మా చిన్ననాట వేసవి మధ్యాహ్నములందు, వీథి అరుగులన్నియు నిద్రలో నుండు వేళ, భుజమున మూట వ్రేలాడవేసికొని యొక వర్తకుడు ‘పాత జరీచీరలు కొంటాం’ అని కేకవేయుచు వచ్చెడివాడు. మా నాయనమ్మ పెట్టె అడుగునుండి చీకిపోయిన పెండ్లిచీరను తీసి యిచ్చినప్పుడు అతడు అంచునుండి యొక పోగును లాగి, దీపపు మంటలో చూపి, పట్టు కాలిపోగా మిగిలిన తీగను గోటితో నులిమి, కొంతసేపు పరీక్షించి, ‘సూరతు జరీ’ అని యొప్పుకొనెడివాడు. ఆ మాట అతని నోట వెలువడిన పిదప చీరవెల యొక మెట్టు పెరిగెడిది. ఆ సూరతు ఏ దిక్కున నున్నదో నాయనమ్మ యెరుగదు. వెండిబంగారములు దారమగు చోటు అని మాత్రమే యెరుగును. ఇన్నేండ్లకు ఆ పట్టణమును పేట పేటకు కాలినడకను చూచు అవకాశము నాకు లభించినది. చూచినదానిని, చూచుటకు ముందును పిదపను చదివినదానిని కలిపి ఇచట వ్రాయుచున్నాను.

సూరతు పటమును చూచినవారికి ఎక్కుపెట్టిన విల్లు స్ఫురింపక మానదు. తాపీనది అల్లెత్రాడు, నది యొడ్డున నడుమనున్న కోట బాణమును పట్టిన పిడికిలి, పట్టణమును చుట్టి వచ్చిన ప్రాకారము విల్లు. ఆ ప్రాకారములు రెండు. లోపలిదానిని షహర్‌పనా అనియు, వెలుపలిదానిని ఆలంపనా అనియు పిలిచిరి: మొదటిది పట్టణమునకు రక్ష, రెండవది లోకమునకే రక్ష. రెండును నేడు లేవు. వెలుపలి ప్రాకారము నిలిచిన వంకనే ఇప్పుడు రింగురోడ్డు సాగుచున్నది. కాని గోడ పోయినను గోడలోని ద్వారముల పేళ్లు పోలేదు. ఢిల్లీ గేటు, సహారా దర్వాజా, మాన్ దర్వాజా, ఉధనా దర్వాజా, మజూరా గేటు, అఠ్వా గేటు, కతార్‌గాం దర్వాజా అని ఆటోవాండ్రు, బస్సువాండ్రు కేకలు వేయుచుందురు. మనము దిగి చూతుము గదా, అచట తలుపు లేదు, కమాను లేదు, నాలుగుదారులు కలియు కూడలియు, పైన వంతెనయు, క్రింద వస్త్రపు మూటలను మోయు బండ్లును మాత్రమే కానవచ్చును. మొదటి దినమున నేను ఢిల్లీ గేటు దగ్గర నిలిచి గేటెక్కడ అని యొక టీకొట్టువానిని అడుగగా అతడు నా వంక జాలితో చూచి, ‘ఇదే గదా’ అని నేలను చూపెను. అది మొదలుకొని నేను ఆ పట్టణమున కట్టడములను వెదకుట తగ్గించి పేళ్లను వెదకుట ప్రారంభించితిని. సూరతు చరిత్ర రాళ్లలో కంటె పేళ్లలో ఎక్కువగా నిలిచి యున్నది. ఆ పేళ్లలో ననేకములు దూరమునుండి వచ్చినవారివి.

కోటనుండియే మొదలిడుదము. గుజరాతు సుల్తాను మూడవ మహమూదు కాలమున, 1540ల నడుమ, ఖుదావంద్ ఖాన్ అను సేనాని పోర్చుగీసువారి నౌకాదళపు దాడులకు అడ్డముగా దీనిని కట్టించెను. అతడును పరాయి దేశపు వాడే. తురుష్కరాజ్యమునుండి వచ్చి గుజరాతు కొలువున చేరినవాడు. ఈ కోట లేవకుండుటకు పోర్చుగీసువారు ధనమాశ చూపిరని ఆనాటి చరిత్రకారులు వ్రాసిరి. 1573లో అక్బరు స్వయముగా వచ్చి ముట్టడించి దీనిని పట్టుకొనెను. నేడు నగరపాలకులు కోటను మరమ్మతు చేయించి ప్రదర్శనశాలగా నిలిపినారు. బురుజుపై నిలిచినచో క్రింద తాపీ నెమ్మదిగా సాగుచుండును. ఒకప్పుడు అరబ్బుదేశపు నావలు, జంజీరా సిద్దీల నావలు, మక్కాకు పోవు పాదుషాల నావలు దిగువన నిలిచిన నది యిదియే. నదీముఖమున మేట వేయుటచే పెద్ద ఓడలు పట్టణము వరకు రాలేకపోయెడివి. సముద్రపుటొడ్డున సువాలీ రేవులో లంగరు వేసి సరకును పడవలమీదను, బండ్లమీదను తెచ్చుకొనెడివారు.

మొగలుల కాలమున ఈ రేవునకు ‘బందర్-ఎ-ముబారక్’ అను బిరుదుండెను, అనగా శుభప్రదమైన రేవు. మన మచిలీపట్టణమును నేటికిని బందరు అని పిలుచు తెలుగువారికి ఈ మాట చుట్టపుమాటవలె వినబడును. హజ్ యాత్రికులు హిందూదేశమును విడుచు వాకిలి సూరతే. వారు దిగియుండుటకై షాజహాను కాలమున 1644లో కట్టిన మొగల్ సరాయి ఇప్పటికిని చెక్కుచెదరక నిలిచి యున్నది. 1867 నుండి అందు పురపాలక కార్యాలయము నడుచుచున్నది. ఒకనాడు మక్కా పోవువారు మూటలు దించుకొన్న గదులలో నేడు ఇంటిపన్ను కట్టువారు వరుసలలో నిలుచుండుట చూచితిని. ఆ వీథికి మొగలీసరా అనియే పేరు. షాజహాను తన కూతురు జహనారాకు ఈ రేవు ఆదాయమును రాసి యిచ్చెను. ఔరంగజేబు కాలమున 1695లో యాత్రికులతోను ధనముతోను మక్కా దిక్కునుండి సూరతునకు తిరిగి వచ్చుచున్న ‘గంజ్-ఎ-సవాయీ’ అను పాదుషా ఓడను ఆంగ్లేయుడైన హెన్రీ ఎవరీ అను ఓడదొంగ కొల్లగొట్టగా, కోపోద్రిక్తులైన పట్టణవాసులనుండి ప్రాణములు దక్కించుటకును, శిక్షించుటకును గూడ సూరతులోని ఆంగ్లవర్తకులను అధికారులు బంధించి యుంచవలసి వచ్చెను. సముద్రమున జరిగినదానికి వీథిలో జవాబు చెప్పవలసిన పట్టణమిది.

ఆంగ్లేయుల కథ మనకు కొత్తది కాదు. 1608లో ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ హాకిన్సు ‘హెక్టర్’ అను ఓడలో ఇచటికి వచ్చెను. కాని కంపెనీవారు తూర్పుతీరమున మచిలీపట్టణములో 1611లోనే కాలూనిరి. సూరతులో వారికి నిలుకడయైన కొఠీ, అనగా వర్తకశాల, దొరకినది 1613లో, అదియు 1612 చివర సువాలీ దగ్గర కెప్టెన్ బెస్టు పోర్చుగీసు నావలను తరిమిన తరువాతనే. కావున వారి వ్యాపారపు తొలి రెండు మెట్లలో నొకటి మన కృష్ణాముఖమున, నొకటి తాపీముఖమున పడినవి. బందరు కలంకారీ అద్దకములు, గోలకొండ వజ్రములు, సూరతు బట్టలు, నీలిమందు ఒకే చిట్టా పుస్తకములలోనికి ఎక్కినవి. 1616 ప్రాంతమున డచ్చివారు, 1668లో ఫ్రెంచివారు వచ్చి కొఠీలు పెట్టుకొనిరి.

వారి కొఠీలలో నేడు చూడదగినది లేదు. వారి సమాధులు మాత్రము కతార్‌గాం దర్వాజా దారిలో మిగిలి యున్నవి. నా సూరతు యాత్రలో మిక్కిలి సేపు నేను గడపినది అచటనే. ఆంగ్లేయుల శ్మశానములో 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సిండెను, 1669లో మరణించిన అతని సోదరుడు జార్జి ఆక్సిండెను ఒకే గుమ్మటము క్రింద నిదురించుచున్నారు. గుమ్మటమనగా నిజముగా గుమ్మటమే. రెండంతస్తులు, మూలస్తంభములు, పైన మొగలు తీరున ఉబ్బిన గోళములు. సిలువ లేనిచో ఏ నవాబు గోరీయో అని భ్రమించెదము. డచ్చివారు మరింత పోటీపడిరి. వారి శ్మశానమున పెద్దదైన గోరీ హెండ్రిక్ వాన్ రీడునిది. ఈతడు మలబారు డచ్చి అధిపతిగా నున్నపుడు కేరళదేశపు వైద్యులను, పండితులను కూర్చుకొని అచటి ఓషధులను చిత్రములతో వర్ణించు ‘హోర్తుస్ మలబారికుస్’ అను పండ్రెండు సంపుటముల మహాగ్రంథమును వెలువరించినవాడు. 1691 డిసెంబరులో ఓడపైన మరణింపగా సూరతునకు తెచ్చి ఖననము చేసిరి. తన సంపుటములు పూర్తిగా అచ్చుపడుట అతడు చూడలేదు. చివరి సంపుటము 1693లో వెలువడెను. ఆ గోరీచుట్టు పెరిగిన గడ్డిలో నేను రెండు మూడు మొక్కలను గుర్తుపట్టితిని: తుమ్మి యొకటి, నేల ఉసిరి యొకటి. వీని పేళ్లను వ్రాసికొనుటకు ఒక పరదేశి తన ఆయువును వెచ్చించెనుగదా అని నాకు మనసార్ద్రమైనది. దగ్గరనే ఆర్మేనియావారి సమాధులును గలవు.

పాత పట్టణమున వీథులకు ‘ఫళియా’, ‘శేరీ’ అని పేళ్లు. గోపీపురమున గోపీచెరువు కలదు; 16వ శతాబ్దారంభమున మలిక్ గోపీ అను ధనికుడు, సుల్తాను కొలువున పలుకుబడిగలవాడు, త్రవ్వించిన చెరువది. చిరకాలము ఎండి గుంటగా మిగిలినదానిని నగరపాలకులు ఇటీవల నీటితో నింపి చుట్టును మెట్లు కట్టినారు. సాయంకాలము పిల్లలు పడవలెక్కుచుందురు. గోపీపురపు ఇరుకు వీథులలో జైనదేవాలయములు గుమ్మమునకు గుమ్మము ఆని నిలిచినవి. నాణేవట్ అను పేట నాణెముల సరాఫులది. ఆ పేరు వినిన తోడనే అర్థమగుచున్నది గదా! మెక్సికో, పెరూ గనులలోని వెండి ఐరోపా మీదుగాను, ఎర్రసముద్రము మీదుగాను వచ్చి ఇచటి టంకశాలలో కరగి రూపాయలయ్యెడిది. రుస్తుంపురము రుస్తుం మాణెక్ అను పారసీక దళారి పేరిటిది. ఇంకను బేగంపురము, సయ్యద్‌పురము, సలాబత్‌పురము, హరిపురము, రాంపురము... నడచుచు వీథిపలకలు చదువుకొన్నచో ఒకే జామున నాలుగు మతములును మూడు రాజ్యములును దాటవచ్చును.

17వ శతాబ్దమున ఈ వీథులలో నివసించినవారందరిలో ధనికుడు వీర్జీ వోరా అను జైనవర్తకుడు. ఆంగ్లకంపెనీయే అతని వద్ద వడ్డీకి అప్పులు తెచ్చుకొనెడిది. మిరియము, లవంగము ఏ ధరకు అమ్మవలెనో అతడు నిర్ణయించెడివాడు. ఆ ధనము సహ్యాద్రులకావల దాగియుండునా? 1664 జనవరిలో శివాజీ తన రౌతులతో బుర్హాన్‌పురపు ద్వారము వెలుపల దిగెను. ప్రాకారము అప్పటికి మట్టిది. మొగలు అధికారి ఇనాయత్ ఖాన్ కోటలో దూరి తలుపులు వేసికొనెను. వీర్జీ వోరా ఇల్లు మొదలుగా ధనికుల భవనములు నాలుగు దినములు కొల్లబోయినవి. పైని చెప్పిన జార్జి ఆక్సిండెను తన కొఠీని నావికులచే కాపాడించి పాదుషా మెప్పును సుంకములో మినహాయింపును బడసెను. 1670 అక్టోబరున శివాజీ మరల వచ్చెను. మహారాష్ట్రమున ఈ గాథను స్వరాజ్యస్థాపనకు ధనము సమకూర్చిన పరాక్రమముగా చెప్పుకొందురు; నాణేవట్‌లో దానిని తలుపులు బిగించుకొన్న రాత్రులుగా తలచుకొందురు. నేను విన్నంతలో ఇరువురి మాటయు సత్యమే. ఇటుకలతో గట్టి ప్రాకారము లేచినది దీని పిదపనే. పేటలు ఆ గోడను దాటి పెరుగగా 18వ శతాబ్దారంభమున ఆలంపనా కట్టిరి.

జాంపాబజారులో దావూదీ బోరా ముసల్మానుల దేవిడీయు, 1814లో స్థాపింపబడిన వారి అరబ్బీ విద్యాలయము అల్ జామియా తుస్ సైఫియాయు కలవు. తెల్లని అంగీలు, బంగారు అంచుటోపీలు ధరించిన విద్యార్థులు వీథి నిండ నడచుచుందురు. దగ్గరలోని గడియారపు స్తంభము 1871లో ఒక పారసీక గృహస్థు తండ్రి జ్ఞాపకార్థము కట్టించినది. పారసీకులు నాన్‌పురమునను, షాపోరునను ఎక్కువగా నుండెడివారు. 1823 సంవత్సరమున ఒకే నగరమున రెండు ఆతశ్ బెహరాములను, అనగా వారి యత్యున్నతమైన అగ్ని ఆలయములను, ప్రతిష్ఠించుకొనిన సంపన్నులు. ఇప్పుడు ఆ యిండ్లలో పెక్కింటికి తాళములు కనబడును. వారు ఎక్కడికి పోయిరి? బొంబాయికి. 1730లలో లవ్‌జీ వాడియా అను ఓడల వడ్రంగిని కంపెనీవారు సూరతునుండి బొంబాయికి పిలిపించుకొనిరి. అతని వెనుక ఆ వృత్తియే కదలిపోయెను.

సూరతు క్షీణించిన కథ క్లుప్తముగా చెప్పవచ్చును, ఏలయన అది యొక దినమున జరిగినది కాదు. 1668లో బొంబాయిదీవి కంపెనీ చేతికి వచ్చెను. 1687లో వారి ప్రధానస్థానము అచటికి తరలెను. మొగలుల రక్షణ సడలినకొలది వర్తకులును తరలిరి. 1759లో ఆంగ్లేయులు సూరతుకోటను వశపరచుకొనిరి, 1800లో పాలననంతయు గైకొనిరి. 1837 ఏప్రిలులో లేచిన అగ్ని కొయ్యయిండ్ల పేటలను రోజులతరబడి దహింపగా, ఆ యేటనే తాపీ పొంగి మిగిలినదానిని ముంచెను. మన బందరునకు 1864 నవంబరు ఉప్పెన ఎట్టిదో సూరతునకు ఆ సంవత్సరము అట్టిది. బందరు మరల లేవలేదు. సూరతు లేచినది, ఎట్లు లేచినది అనునదే నన్ను ఆ వీథులలో త్రిప్పిన ప్రశ్న.

ముందుగా లేచినది బుద్ధి. 1844లో దుర్గారాం మెహతా మొదలగువారు మానవధర్మసభను స్థాపించి జాతిభేదమును, మూఢాచారములను ప్రశ్నించిరి. ఆమ్లీరాన్ వీథిలో కవి నర్మదుని యిల్లు ‘సరస్వతీ మందిరము’ నేటికిని కలదు. 1833లో పుట్టి 1886లో గతించిన ఈ నర్మదాశంకరుడు గుజరాతీ వచనమునకు దారితీసినవాడు, ‘నర్మకోశ’మను నిఘంటువును ఒంటరిగా కూర్చినవాడు, 1864లో ‘దాండియో’ అను పత్రికను నడిపినవాడు, వితంతు వివాహమును సమర్థించినవాడు. ఆ చిన్న మేడలో నిలిచినప్పుడు నాకు రాజమహేంద్రవరము జ్ఞప్తికి వచ్చెను. 1874లో ‘వివేకవర్ధని’ని ప్రారంభించి 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహమును జరిపించిన వీరేశలింగముగారును నర్మదుడును ఒకే తరమున పనిచేసినవారు. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాలుడు రాజమహేంద్రవరమున చేసిన ప్రసంగములు మన విద్యార్థులను కుదిపిన సంవత్సరమే డిసెంబరులో, నాగపురమున జరుగవలసిన కాంగ్రెసు సభ సూరతునకు మారి, తిలకుడు వేదిక నెక్కి మాటలాడబోగా కుర్చీలు లేచి, చెప్పు విసరబడి, మితవాదులును అతివాదులును విడిపోయిరి.

నదిని దాటినచో రాందేరు. ఒకప్పుడు సూరతుకంటె పెద్ద రేవు. 1530లో పోర్చుగీసువారు దీనిని కాల్చిన పిదప వెనుకబడెను. నేడు పాతమసీదులు, చెక్కడపు పనిగల కొయ్యముఖద్వారములు, ఏటి గాలికి తెరచియుంచిన మేడగదులుగల నెమ్మదియైన పేట. ఈ మేడలు తాపీ ధనముతో లేచినవి కావు. ఇరావతీ ధనముతో లేచినవి. రాందేరు, సూరతు ముసల్మాను వర్తకులు 19వ శతాబ్దమున రంగూను పోయి బియ్యము, బట్ట వ్యాపారము చేసి అచట సూర్తీ జుమ్మా మసీదును, సూర్తీ బజారును కట్టిరి. రంగూనుకు మనవారు పోలేదా? కాకినాడ, విశాఖపట్టణముల నుండి ఓడలెక్కి మిల్లులలో, రేవులో మూటలు మోసిన తెలుగు కూలీలను బర్మావారు మన కోరంగిరేవు పేరుతో ‘కోరంగీ’లని పిలిచిరి. సూర్తీ బజారులో మూట దింపినది తెలుగువాడు, మూట కొన్నది సూరతువాడు. 1942లో జపానువారి బాంబులకు ఇరువురును ఒకే అడవిదారిని నడచి ప్రాణములతో వచ్చిరి, రానివారు దారిలో మిగిలిరి. రంజాను మాసపు రాత్రులందు రాందేరు బజారులో నేటికిని బర్మా తీరు వంటకములు అమ్ముదురు. ఒక ముదుసలి నాకు కొబ్బరిపాల పులుసులో సేమియా వేసి యిచ్చి, దాని పేరు ఖౌసా అని చెప్పెను. మా ఊరిలో రంగూను మేడ యని పిలువబడు ఇల్లొకటి కలదని నేను చెప్పగా అతడు నాచేత వెల పుచ్చుకొనలేదు.

ఇక నాయనమ్మ చీర విషయము. గోల్వాడ్ మొదలగు పాత పేటలలో రాణా కులస్థులు తరతరములుగా జరీపని చేయుచున్నారు. వెండికడ్డీని బంగారు రేకుతో పొదివి, కాచి, కొట్టి సాగదీసి, కమ్మచ్చు రంధ్రములగుండ ఒకదానికంటె నొకటి సన్నమగునట్లు లాగుకొనుచు పోగా, చివరకు తలవెండ్రుక కంటె సన్నని తీగ వచ్చును. దానిని బల్లపరుపుగా నొక్కినచో ‘బాద్లా’. ఆ బాద్లాను పట్టుపోగుకు సందు కనబడకుండ చుట్టినచో ‘కసబ్’. ఇందలి విశేషమేమనగా, కడ్డీపైని బంగారము ఎంత పలుచనైనను తీగ సాగినంత మేరకు తానును సాగి వెండిని విడువదు. తరువాతి కాలమున విద్యుత్తుచే పూత పూయు పద్ధతి వచ్చినది. ఇచటి కసబే కంచికి, ధర్మవరమునకు, గద్వాలకు, వెంకటగిరికి పోయి మన స్త్రీల కొంగులలో మెరసినది. ఆ చీర చీకిపోయిన పిదప మూటవర్తకులు కొని కాల్చి తీసిన వెండి మరల కరగి కడ్డీయగుచుండెను. 2010లో సూరతు జరీకి భౌగోళికపు గుర్తింపు లభించినది. గుర్తింపు లభించు నాటికి మేలిమి పని చాల తగ్గినది. రాగితీగ జరీ, అంతకంటె చౌకయైన ప్లాస్టిక్కు జరీ బజారును ఆక్రమించినవి. ఒక యింటిలో నలుబదియేండ్లుగా తీగ లాగిన వృద్ధుని చేతులను చూచితిని. వ్రేళ్ల కొసలు నున్నబడి గీతలు చెరగిపోయినవి. వేలిముద్ర యంత్రము ఆయనను గుర్తింపదని కుమారుడు చెప్పినాడు. ఈ చేతులు మన పెండ్లిండ్లకు చేసిన ఉపకారమును మనమెన్నడైన తలచితిమా?

మహీధరపురమున మరొక బజారు. మధ్యాహ్నము దాటగనే వీథినిండ మనుష్యులు నిలుచుండి, స్కూటర్ల పీటలమీద తెల్లకాగితపు పొట్లములు విప్పి, పట్టుకారుతో మిణుగురు కణములవంటివానిని వెలుతురున పట్టి చూచుచుందురు. అవి వజ్రములు. 1960ల తరువాత సౌరాష్ట్రపు కాటకములకు తాళలేక వచ్చిన పటేలు యువకులు కతార్‌గాం, వరాఛా పేటలలో సానచక్రముల ముందు కూర్చుండిరి. నేడు ప్రపంచమున సానబెట్టబడు వజ్రములలో అత్యధిక భాగము ఈ నగరము మీదుగనే పోవుచున్నది. 2023 డిసెంబరులో ఖజోద్‌లో ప్రారంభింపబడిన వజ్రవిపణి భవనము లోకమున మిక్కిలి విశాలమైన కార్యాలయభవనమని ప్రసిద్ధి చెందెను. అయినను నా మనస్సు వీథిలోని పొట్లముల దగ్గరనే నిలిచినది. 17వ శతాబ్దమున టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు సూరతున దిగి, మహారాష్ట్రదేశము మీదుగా గోలకొండ చేరి, అచటినుండి కృష్ణయొడ్డున నున్న కొల్లూరు గనికి పోయి, వేలకొలది కూలీలు మన్నును జల్లించుటను కన్నులార చూచి వ్రాసినాడు. ఆ దారిని మన వజ్రములు సూరతునకు వచ్చినవి. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయపు నీటిక్రింద నున్నది. మహీధరపురమున సానకు వచ్చు రాళ్లు ఆఫ్రికావి, రష్యావి. గనియున్న మన ఊరు మునిగినది, దారియున్న ఊరు మిగిలినది.

సూరతువారు తినుట యందు ప్రీతిగలవారు. భోజనము సూరతున, మరణము కాశిలో దొరకవలెనని గుజరాతీలలో సామెత గలదు. ఖమణము వంటి లోచో, శరత్పూర్ణిమ మరునాడు తిను నేతి ఘారీ, శీతకాలపు ఊంధియా అన్నియు చూచితిని. నాకు నచ్చినది తాపీయొడ్డున పాకలలో అమ్ము ‘పోంక్’: లేతజొన్న కంకులను నిప్పులపై కాల్చి, దులిపి, పచ్చని గింజలను సేవుతో కలిపి యిత్తురు. మన పొలములలో ఊచబియ్యము తిన్నవారికి దాని పరిచయము అక్కరలేదు.

1994 సెప్టెంబరులో ఈ నగరమున ప్లేగు తలయెత్తగా లక్షలమంది రైళ్లెక్కి పారిపోయిరి. మురికికాలువలు, చెత్తగుట్టలు, ఇరుకు వాడలు ఆ దుర్దశకు కారణములు. 1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు అధికారులను ప్రతిదినము ఉదయమున కార్యాలయము విడిచి వీథులలో తిరుగునట్లు చేసి, రాత్రులందు ఊడ్పించి, ధనికుల అక్రమకట్టడములను గూడ కూల్పించి, రెండేండ్లలోపల దేశమున పరిశుభ్రమైన నగరములలో దీనిని నిలిపిరి. ఆయన పేరు చెప్పినచో నేటికిని పాతపేటలలోని దుకాణదారులు ‘రావుసాహెబు’ అని చేతులెత్తుదురు. ఆయన తెలుగు పేరు పరాయి వీథిలో అట్లు వినుట నాకు సంతోషమైనది. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్టనుండి వదలిన నీరు నగరపు పెక్కుభాగమును ముంచినను, వారములలోపల మగ్గములు మరల తిరిగినవి.

ఆ మగ్గముల పేటకే చివర పోయితిని. రైలుకట్టకు తూర్పున, ఉధనా మొదలు లింబాయత్ వరకు, చెవి యొగ్గి విననక్కరలేదు, నేలయే ధ్వనించును. రేకుల కప్పుల క్రింద మరమగ్గములు పగలు పండ్రెండు గంటలు ఒక జట్టుతో, రాత్రి పండ్రెండు గంటలు మరియొక జట్టుతో నడచును. గంజాము ఒడియాలు, ఖాందేశపు మరాఠీలు, ఉత్తరదేశీయులు, వారితోపాటు మనవారు. చేనేత చితికిన సిరిసిల్ల, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి పద్మశాలీలు షోలాపురమునకు, భివండికి, అచటినుండి సూరతునకు తరతరములుగా వలస వచ్చిరి. లింబాయత్‌లో కూరల బండివాడు తెలుగున బేరమాడును. మంగలికొట్టుపై తెలుగక్షరములు గలవు. నగరపు ప్రాథమిక విద్యాసమితి తెలుగు మాధ్యమమున బడులు నడుపుచున్నది. నవరాత్రులలో నగరమంతయు చిల్లులకుండలోని దీపము చుట్టు గర్బా ఆడుచుండగా ఈ వాడల స్త్రీలు పూలు పేర్చి బతుకమ్మ ఆడుదురు. రెండు వలయములును ఒకే వీథికి ఈ చివర ఆ చివర తిరుగును.

ఒక మగ్గపు షెడ్డు వాకిట, జట్టు మారు వేళ, పెద్దవాడొకడు చెవులలోని దూదిని తీసికొనుచు నన్ను చూచి ‘ఏ ఊరు సారూ మనది?’ అనెను. చెప్పితిని. తనది సిరిసిల్ల దగ్గరి పల్లె. పదునాలుగవ యేట మేనమామ వెంట వచ్చినాడు. ఇప్పుడు ఇద్దరు మనుమలు. తిరిగి పోవుదురా అని అడిగితిని. ‘పండుగకు పోతం సారూ. ఇల్లు ఈడనే కదా’ అని, నా భుజముపైని కండువా కొసను వ్రేళ్లనడుమ పట్టి చూచెను. అది గద్వాలలో కొన్నది. అంచున నాలుగు వ్రేళ్ల జరీ. గోటితో నులిమి, వెలుతురుకు త్రిప్పి, ‘కసబ్ ఈడిదే. మంచిది. ఇప్పుడిట్లది వస్తలేదు’ అనెను. అంతలో రాత్రిజట్టువారు లోనికి పోవుచుండిరి; మగ్గములు ఒక్కటొక్కటే అందుకొనసాగినవి; ఆపైన మా ఇరువురి మాటయు ఒకరికొకరికి వినబడలేదు. అతడు చేయెత్తి, వీథి చివర తెలుగుబడి ఉన్న దిక్కును చూపి, అటు పోయినచో బస్సు దొరకునని సైగ చేసెను. ఆ బస్సు నన్ను సహారా దర్వాజా దగ్గర దింపినది.